“వయసైపోయిందండీ” అంటే సరిపోదు: కుక్కల కీళ్ల నొప్పి

(పెంపుడు కుక్కలున్న కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన కుక్క ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. చేతులు దించకండి. “ఈ మధ్య మెట్లెక్కడం తగ్గించింది, వయసైపోయింది కదా” అని ఎప్పుడైనా అనుకున్నవాళ్లు మాత్రం అలాగే ఉంచండి. చూశారా, దిగిన చేతులు ఎన్నో లేవు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ఒక్క మాట గురించే. వయసైపోయింది అనే మాట గురించే. వయసు మెట్లెక్కడం మాన్పించదండీ, నొప్పి మాన్పిస్తుంది. వయసుకు మందు లేదు కాబట్టి ఆ మాట అనుకోగానే మనం చేతులు ముడుచుకుని కూర్చుంటాం. నొప్పి అనుకుంటే లేచి ఏదో ఒకటి చేస్తాం. తేడా అక్కడుంది.

అసలు కీలులో ఏం జరుగుతుంది? మన ఇళ్లలో “మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది” అంటాం కదా, కుక్కకూ అదే. రెండు ఎముకల చివర్లకు నున్నటి మృదులాస్థి ఉంటుంది, మధ్యలో జిగట ద్రవం, చుట్టూ సంచిలాంటి పొర. మృదులాస్థి గరుకెక్కి అరుగుతుంది, పొర వాస్తుంది, ఎముక అంచుల్లో కొత్త ముళ్లు మొలుస్తాయి. ఒక విషయం గుర్తుంచుకోండి. మృదులాస్థిలో నరాలు ఉండవు. అందుకని తొలిరోజుల్లో అరుగుదల తెలియదు. పొరకూ, కింది ఎముకకూ సెగ తగిలాక నొప్పి మొదలవుతుంది. అప్పటికి అరిగింది తిరిగి రాదు. ఈ జబ్బును నయం చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. అదుపులో పెట్టగలం, బాగా అదుపులో పెట్టగలం.

మనుషుల్లో ఇది ఎక్కువగా వయసుతో వస్తుంది. కుక్కల్లో అలా కాదు. చాలా కుక్కలకు పునాది చిన్నప్పుడే పడుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్, వీటికి తుంటి కీలు గిన్నె లోతుగా ఏర్పడకపోవడం, మోచేతి కీలు సరిగ్గా కుదరకపోవడం వంశపారంపర్యంగా వచ్చే బలహీనత. పోమరేనియన్, పగ్ లాంటి చిన్న జాతుల్లో మోకాటి చిప్ప పక్కకు జారుతుంది. మోకాటి లోపల ఎముకల్ని కట్టి ఉంచే పట్టీ, అంటే లిగమెంటు, తెగిన కుక్కకు ఆ మోకాలు అరగడం దాదాపు ఖాయం. మరి మన ఊరకుక్కలు? వాటికి జాతి లోపాలు తక్కువ. కానీ బండి కింద పడి కాలు విరిగి, అది వంకరగా అతుక్కుంటే పై కీలూ కింది కీలూ రెండూ దెబ్బతింటాయి. వీధి చివర కుంటుకుంటూ తిరిగే కుక్కల్లో చాలావాటి కథ అదే.

కాబట్టి పది నెలల లాబ్రడార్ పిల్ల పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ ఒకేసారి వేస్తూ కుందేలులా గెంతుతుంటే, దయచేసి ముద్దుగా ఉందని వీడియో తీసి ఊరుకోకండి. ఆ వీడియో డాక్టరుకు చూపించండి.

ఇక గుర్తుపట్టడం. “మా వాడు అరవడం లేదు మేడమ్, నొప్పి ఉంటే అరిచేవాడు కదా” అంటారు. అరవదండీ. నెలల తరబడి ఉండే నొప్పికి కుక్క అరవదు, చేసే పనులు తగ్గించుకుంటుంది. మీరు చూడాల్సింది అది కొత్తగా ఏం చేస్తోందని కాదు. ఇదివరకు చేసినవాటిలో ఏం మానేసిందని చూడాలి. గేటు చప్పుడుకు పరిగెత్తుకొచ్చేది ఇప్పుడు పడుకునే తోక ఊపుతోందా? సోఫా ఎక్కే ముందు ఒక క్షణం ఆగి లెక్క చూసుకుంటోందా? కారులోకి దూకేది ఇప్పుడు ముంగాళ్లు పెట్టి మీ వంక చూస్తోందా? పొద్దున లేవగానే నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేసి, తర్వాత సర్దుకుంటోందా? ఈ చివరిది చాలా ముఖ్యం. “నడిస్తే సర్దుకుంటోంది, ఏమీ లేదు” అనుకుంటారు. పడుకుని లేచినప్పుడు బిగువు, నడిస్తే సడలడం, ఎక్కువ నడిస్తే సాయంత్రానికి మళ్లీ కుంటు. అరిగిన కీలు నడిచే తీరే అది.

ఇంకొన్ని ఉన్నాయి, ఎవరూ పట్టించుకోనివి. మగకుక్క కాలెత్తి పోయడం మానేసి ఆడకుక్కలా వంగుతుంది. మలవిసర్జనకు కూర్చుని నిలకడగా ఉండలేక నడుస్తూ వేస్తుంది. ముంగాలి మణికట్టు దగ్గరో, మోకాలి దగ్గరో ఒకే చోట నాకి నాకి వెంట్రుకలు తుప్పురంగుకు తిరుగుతాయి. పిల్లలు నడుము మీద చెయ్యి వేస్తే, ఎప్పుడూ ఏమీ అనని కుక్క గుర్రుమంటుంది. దానికి కోపం పెరిగిందని కొడతారు. కొట్టకండి. అక్కడ నొప్పి ఉందేమో చూడండి.

కుంటు ఏ కాలిదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ముంగాలు అయితే తల చూడండి. నొప్పి కాలు నేల మీద పడినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చెబుతారు. మళ్లీ చెబుతున్నాను, తల మంచి కాలి మీద వంగుతుంది. వెనక కాలు అయితే వెనక నుంచి తుంటి చూడండి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుంది. తర్వాత తొడలు రెండు చేతులతో ఒకేసారి పట్టి చూడండి. వాడని కాలి కండ కరిగిపోతుంది. దర్జీ టేపుతో రెండు తొడలూ ఒకే ఎత్తులో కొలిచి రాసిపెట్టుకుంటే, మూడు నెలల తర్వాత అదే కొలత మీకు చాలా చెబుతుంది.

క్లినిక్‌కు వచ్చేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకురండి. కొత్త చోట భయంతో, ఉత్సాహంతో కుక్క నొప్పిని దాచేస్తుంది. ఇంట్లో కుంటేది మా బల్ల దగ్గర చక్కగా నడుస్తుంది. ఎదురు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పడుకున్నది లేవడం ఒకటి, మెట్లు ఎక్కి దిగడం ఒకటి. ఒక్కోటి పది ఇరవై సెకన్లు చాలు. పరిగెత్తించకండి, మామూలు నడక కావాలి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. కుంటే ప్రతి కుక్కకూ అరుగుదల అని ముద్ర వేయకూడదు. మన వాతావరణంలో ముందు అనుమానించాల్సింది పిడుదుల జ్వరం. పిడుదుల్ని గోమార్లంటారు కొన్ని చోట్ల. ఎర్లీషియా అనే సూక్ష్మజీవి పిడుదు కాటుతో ఎక్కి, కొన్ని కుక్కల్లో ఒకేసారి చాలా కీళ్లు వాచేలా చేస్తుంది. ఎలా తెలుస్తుంది? నిన్న ముంగాలు, ఇవాళ వెనక కాలు, ఇలా కుంటు మారుతుంది. జ్వరం 103 డిగ్రీలు దాటుతుంది, తిండి మానేస్తుంది, చిగుళ్ల మీదో పొట్ట మీదో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దానికి సాధారణంగా నాలుగు వారాల డాక్సీసైక్లిన్ ఇస్తాం. అది తగ్గే జబ్బు. అరుగుదల అనుకుని నొప్పి గోలీలతో నెట్టుకొస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది, నిన్నటిదాకా బాగున్న కుక్క హఠాత్తుగా వెనక కాలు ఎత్తేసి, వేళ్లు మాత్రం నేలకు ఆనిస్తూ, కూర్చున్నప్పుడు ఆ కాలు పక్కకు చాపి కూర్చుంటే లిగమెంటు తెగిందేమో చూడాలి. పెద్ద కుక్కకు దానికి ఆపరేషన్ ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. మూడోది, పెద్ద జాతి కుక్కకు ఒకే కాలి మీద గట్టి వాపు, మందు వేసినా నొప్పి తగ్గకపోతే ఎక్స్‌రే వాయిదా వేయకండి, ఎముక క్యాన్సర్ కావచ్చు. నాలుగోది, పాదం తిరగబడి పైభాగం నేలకు రాసుకుంటూ నడిస్తే, గోళ్లు పైన అరిగిపోతే, అది కీలు కాదు, వెన్నుపాముది.

ఎక్స్‌రే గురించి చాలామంది అడుగుతారు. తీయాలి, మత్తిచ్చి సరైన భంగిమలో తీయాలి, లేకపోతే తుంటి సరిగ్గా కనబడదు. కానీ ఫిల్ములో కనిపించే అరుగుదలకూ కుక్క పడే నొప్పికీ పొంతన ఉండదు. భయంకరమైన ఎక్స్‌రేతో హాయిగా తిరిగే కుక్కలున్నాయి, తేలికపాటి మార్పులతో లేవలేనివీ ఉన్నాయి. మనం వైద్యం చేసేది కుక్కకు, ఫిల్ముకు కాదు.

సరే, ఇప్పుడు వైద్యం. మీరందరూ మందుల పేర్లు రాసుకోవడానికి పెన్నులు తీశారు. కాస్త ఆగండి. ముందు బరువు.

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే, ఎందుకంటే ఇది మీ చేతిలో ఉంది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. 2002లో ఆయుష్షు లెక్కలు ప్రచురించారు. ఎక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13 ఏళ్లు. కీళ్లకు మందు అవసరమయ్యే వయసు కూడా సుమారు మూడేళ్లు వెనక్కి జరిగింది. ఎక్కువ తిన్న గుంపు కుక్కలు పందుల్లా ఏమీ లేవు. మన ఇళ్లలో “బొద్దుగా ఉన్నాడు” అని మురిసిపోతామే, అలా ఉన్నాయంతే. 2010లో వచ్చిన మరో చిన్న పరిశోధనలో, కీళ్లు అరిగిన 14 లావు కుక్కలకు 16 వారాలు బరువు తగ్గిస్తే, శరీర బరువులో 6 శాతం దాటేసరికి కుంటు స్పష్టంగా తగ్గింది. 6 శాతం! 36 కిలోల లాబ్రడార్‌కు రెండు కిలోల పైచిలుకు, అంతే.

లావో కాదో ఎలా తెలుసుకోవాలి? చెయ్యి ముందుకు చాపండి, అందరూ చాపండి. వేళ్లు చాచి, చేతి వెనక వైపు రెండో చేత్తో తడమండి. ఎముకలు సన్నని పొర కింద తెలుస్తున్నాయి కదా, కుక్క పక్కటెముకలు అలా తెలియాలి. ఇప్పుడు పిడికిలి బిగించి కణుపులు తడమండి. అలా పొడుచుకొస్తే కుక్క బక్కది. ఇప్పుడు అరచేయి వైపు తడమండి. ఎముక దొరకాలంటే నొక్కాల్సి వస్తోందా? మీ కుక్క అలా ఉంటే అది లావు. అనుమానం అక్కర్లేదు.

ఎంత పెట్టాలి? ఉండాల్సిన బరువు 30 కిలోలు అనుకుందాం. తగ్గించేటప్పుడు రోజుకు సుమారు 900 కేలరీలు. పొడి ఆహారం అయితే సంచి మీద కేలరీలు రాసి ఉంటాయి, 100 గ్రాములకు 350 ఉంటే రోజంతటికీ దాదాపు 250 గ్రాములు. వంటింటి త్రాసు మీద తూచండి. మగ్గుతో, గ్లాసుతో కొలవకండి, ఒక్కొక్కరు ఒక్కోలా నింపుతారు. పొద్దునే రోజు మొత్తానిది ఒక డబ్బాలో పోసేయండి. ఇంట్లో ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది? టీ దగ్గర. ఒక్కో మేరీ బిస్కెట్ దాదాపు పాతిక కేలరీలు. పొద్దున రెండు, సాయంత్రం రెండు అంటే వంద, రోజు తిండిలో తొమ్మిదో వంతు. తాతగారు పెట్టే పెరుగన్నం ముద్ద వేరే. తాతగారిని మానమని చెప్పలేం కదా? ఆయన చేతికి కీరా ముక్కలు, ఉడికించిన బీన్స్ ఇవ్వండి. పెట్టే ఆనందం ఆయనకు ఉంటుంది, కొవ్వు కుక్కకు ఉండదు.

ఇంటి తిండి పెట్టేవాళ్లు అన్నం తగ్గించండి, కోడిమాంసం, గుడ్డు తగ్గించకండి. సొరకాయ, గుమ్మడి కలిపితే కడుపు నిండుతుంది. ఉల్లిపాయ వద్దే వద్దు. మొత్తం లెక్క మీ డాక్టరుతో వేయించుకోండి. వారానికి 1 నుంచి 2 శాతం బరువు తగ్గితే చాలు. రెండు వారాలకోసారి తూచండి. చిన్నకుక్క అయితే ఎత్తుకుని తూగి మీ బరువు తీసేయండి.

పిల్ల పెంచుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీకొక్క మాట. పెద్ద జాతి పిల్లకు, పిల్లల కోసం తయారైన పూర్తి ఆహారం పెడుతూ పైన కాల్షియం సిరప్ పోయకండి. ఎముక గట్టిపడుతుందని పోస్తారు. పసితనంలో కుక్కపిల్ల అదనపు కాల్షియాన్ని వదిలించుకోలేదు, కీళ్లు వంకరగా పెరుగుతాయి. ఇది మన దగ్గర చాలా ఎక్కువగా జరుగుతున్న పొరపాటు.

తర్వాత నేల. మనకు ఇల్లు కట్టుకుంటే వెట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, మార్బుల్. మనకు అందం, కీళ్లు అరిగిన కుక్కకు అది జారుడుబల్ల. లేవబోతే వెనక కాళ్లు రెండు పక్కలకు జారతాయి, ఆ జారుడుకే కండ పట్టేస్తుంది, రెండోసారి లేవాలంటే భయం. ఇల్లంతా పరచక్కర్లేదు. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి తలుపు దాకా ఒక బాట వేయండి. యోగా మ్యాట్లు కోసి వేయొచ్చు, పిల్లలు ఆడుకునే ఫోమ్ పలకలు వేయొచ్చు. గోనెపట్టా, ప్లాస్టిక్ చాప మాత్రం వద్దు, అవే జారతాయి. అరికాళ్ల మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు నేలకు టకటక తగలకుండా ఉంచండి. పడుకోవడానికి కనీసం నాలుగంగుళాల మందం ఉన్న గట్టి ఫోమో, కూరిన దూది పరుపో. వేసవిలో అది చల్లటి నేల మీదికే పోతుంది, పోనివ్వండి. చలికాలం, వానాకాలం మాత్రం పరుపు మీదికి అలవాటు చేయండి. కారుకు ర్యాంపు చేయిస్తే నిటారుగా వద్దు. డిక్కీ ఎత్తు రెండున్నర అడుగులైతే పలక ఏడడుగులైనా ఉండాలి, పైన జారని మ్యాటు అతికించాలి.

నడక. “నొప్పి కదా, విశ్రాంతి ఇస్తున్నాం” అంటారు. పూర్తి విశ్రాంతితో కండ కరుగుతుంది, కండ కరిగితే కీలు మీద భారం పెరుగుతుంది. ఇంకో తప్పు, వారమంతా బాల్కనీలో ఉంచి ఆదివారం గంటన్నర తిప్పడం. సోమవారం అది లేవలేదు. రోజూ ఒకేలా ఉండాలి. 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, తాడు కట్టి, మామూలు నడక. బంతి విసిరి తెమ్మనడం మానేయండి. పరిగెత్తి, బ్రేకు వేసి, మలుపు తిరగడం కీలుకు అన్నిటికంటే చేటు. మన ఎండల్లో పొద్దున ఆరున్నర లోపు, సాయంత్రం పొద్దుగుంకాక. తారు మీద మీ చేతి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ కాలతాయి. ఈతకు వీలుంటే చాలా మంచిది, బరువు పడకుండా కండ పెరుగుతుంది. నడకకు ముందు పది నిమిషాలు గోరువెచ్చని కాపడం పెట్టొచ్చు. ముందు మీ మణికట్టు మీద పెట్టి చూసుకోండి. కీలు వాచి వేడిగా ఉన్న రోజు మాత్రం కాపడం వద్దు.

ఇంకో వ్యాయామం. జారని చోట కూర్చోబెట్టి, నిదానంగా లేపడం. ఐదుసార్లు, రోజుకు రెండు పూటలు. పక్కకు వాలి కూర్చుంటే ఆపేయండి, అలసిపోయిందని అర్థం.

ఇప్పుడు రాసుకోండి, మందులు. ముందు వేయకూడనివి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మన మందుల షాపులో దొరికే నొప్పి గోలీ ఏదీ వేయొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా వద్దు. డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో మన దేశంలో పశువైద్యానికి నిషేధించారు, అది ఆ మందులు వేసిన పశువుల కళేబరాలు తిని చనిపోతున్న రాబందుల్ని కాపాడటానికి. రాబందులకు హాని చేయదని తేలిన మెలాక్సికామ్ కుక్కలకూ పనికొచ్చే మందే. కానీ మోతాదు చూడండి. మొదటి రోజు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకు 0.1. పది కిలోల కుక్కకు రోజుకు 1 మిల్లీగ్రాము. మనుషుల గోలీ 7.5, లేదా 15 మిల్లీగ్రాములు. ఒక్క గోలీ వేస్తే ఏడున్నర రెట్లు, పదిహేను రెట్లు! కుక్కల కోసం ఉన్న ద్రవమే వాడండి. కార్‌ప్రొఫెన్ అయితే రోజుకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు, ఒకేసారో రెండు పూటలకు విడదీసో.

ఇవి తిండితో ఇవ్వాలి. మొదలుపెట్టే ముందు కిడ్నీ, లివర్ రక్తపరీక్ష, రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. ముసలి కుక్కకు ఇంకా ముందే. వాంతి, నల్లటి తారులాంటి మలం, తిండి మానేయడం, చిగుళ్లు పచ్చబడటం, ఇందులో ఏది కనబడ్డా ఆ పూట మందు ఆపి ఫోన్ చేయండి. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతుంటే వీటిని కలపకూడదు. చర్మం దురదకని ఇంకో డాక్టరు స్టెరాయిడ్ రాసి ఉండొచ్చు, మీరు చెప్పకపోతే మాకు తెలియదు. పాత చీటీలన్నీ తీసుకురండి.

ఇవి చాలకపోతే గాబాపెంటిన్, అమాంటడిన్ జత చేస్తాం. మనుషుల గాబాపెంటిన్ సిరప్‌లలో కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకు విషం, కాబట్టి క్యాప్సూలే. అమెరికాలో ఉన్న పిల్లలు లిబ్రెలా ఇంజెక్షన్ గురించి మీకు చెప్పి ఉంటారు. నెలకోసారి వేసేది, నొప్పి సంకేతాన్ని అడ్డుకుంటుంది. అక్కడ 2023లో అనుమతి వచ్చింది. 2024 డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కొన్ని కుక్కల్లో తూలడం, ఫిట్స్ లాంటివి నమోదయ్యాయని డాక్టర్లను హెచ్చరించింది. చాలా కుక్కలకు మేలు చేసింది కూడా. నడక తూలే కుక్కకు, నరాల జబ్బు ఉన్న కుక్కకు వేయించే ముందు బాగా అడగమని చెప్పండి.

చేపనూనె పనిచేస్తుంది, కానీ మోతాదులో. 30 కిలోల కుక్కకు ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు రెండూ కలిపి మూడు గ్రాముల దాకా వెళ్తాం. మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అవి రెండూ కలిపి 300 మాత్రమే ఉంటాయి. రోజుకొకటి వేసి “పని చేయలేదు” అంటే ఏం చెప్పాలి? కొద్దికొద్దిగా పెంచాలి, విరేచనాలైతే తగ్గించాలి, నూనె కేలరీలు తిండిలో మినహాయించాలి. కాడ్ లివర్ ఆయిల్‌తో ఈ లెక్క వేయకండి, విటమిన్ ఎ, డి మోతాదు మించిపోతాయి. కీళ్లకని అమ్మే గ్లూకోసమిన్ సప్లిమెంటుకు రుజువులు బలహీనం. డబ్బు పరిమితంగా ఉంటే దాని మీద పెట్టొద్దు, మ్యాట్ల మీద, రక్తపరీక్ష మీద పెట్టండి.

మందు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మీ కుక్కకు కష్టమైన నాలుగు పనులు రాసుకోండి. మెట్లెక్కడం, సోఫా, పొద్దున లేవడం, సాయంత్రం నడక, మీ ఇష్టం. ప్రతి ఆదివారం ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కు వేయండి. సులువుగా చేస్తే 0, అసలు చేయలేకపోతే 4. ఒకే మనిషి వేయాలి. మన జ్ఞాపకాన్ని నమ్మలేం, మంచిరోజు చూసి మురుస్తాం, చెడ్డరోజు చూసి కుంగుతాం. ఆరు వారాల కాగితం చూస్తే మందు పెంచాలా తగ్గించాలా నాకు తెలుస్తుంది. బాగుందని చెప్పకుండా మందు ఆపేయకండి. ఆపి చూడాలనుకుంటే నాతో చెప్పి రెండు వారాలు ఆపండి, మార్కులు వేయడం మాత్రం ఆపకండి.

చాలాసేపు మాట్లాడాను. వీడియోలు తెమ్మని ముందే కబురు పెట్టాం కదా, ఎంతమంది తెచ్చారు? ముందు వరుసలో ఆ అమ్మగారు, మీ జర్మన్ షెపర్డ్‌ది అన్నారు. ఇటు ఇవ్వండి, తెర మీద వేద్దాం. వెనక నుంచి తీసింది ముందు పెట్టండి. అందరూ తుంటి చూడండి, కాళ్లు కాదు.